పాత ఓడకు క్రొత్త గుండె

ప్రాతపడిన వస్తువును గూర్చి మనుష్యులు సాధారణముగా రెండు తీర్పులలో నొకదానిని చెప్పుదురు. పారవేయుమని కొందఱందురు, ఉన్నదానిని ఉన్నట్లే యుంచుమని కొందఱందురు. మూడవ మార్గ మొకటి కలదు. అది పై రెండింటికంటెను కష్టమైనది, వ్యయముతో గూడినది, ఓర్పు గోరునది. వస్తువు యొక్క దేహమును నిలువబెట్టి, దాని లోపలి జీవస్థానమును మాత్రము పెకలించి, క్రొత్తదానిని పొదుగుటయే యా మార్గము. పాత యుద్ధనౌకల చరిత్రలో దీనికి మంచి నిదర్శనములు గలవు. మేము పై తరగతులవారికి ఆవిరియంత్రముల పాఠము చెప్పునప్పుడెల్ల వానిని దృష్టాంతముగా దెచ్చుచుందుము. తరగతిలో పది నిమిషములకంటె నెక్కువ కాలము దొరకదు గనుక, ఈ సంచికలో కొంచెము విపులముగా వ్రాయదలచితిమి.

యుద్ధనౌకను గూర్చి మిషను పాఠశాల పత్రికలో వ్రాయుట తగునా యని యడుగువా రుందురు. తగునని మా యభిప్రాయము. ఇనుమును వంచి, నిప్పును నీటిని ఒక్కచోట గూర్చి, కొండవంటి భారమును సముద్రముపై నడిపించు బుద్ధి దేవుడిచ్చిన బుద్ధియే. ఆ బుద్ధి నెందులకు వినియోగించిరను ప్రశ్న వేఱు. ఆ ప్రశ్నను గూడ మేము దాటవేయము.

ముందుగా ఓడ కడుపులో జరుగు పని యెట్టిదో చూతము. బాయిలరులో నీరు సన్నని ఉక్కు గొట్టములలో నుండును. వాని చుట్టును మంట. నీరు ఆవిరియై బలముతో టర్బైనులోనికి దూకి, దానియందలి వేలకొలది రెక్కలను ద్రోసి త్రిప్పును. ఆ త్రిప్పుట ఇరుసు గుండ ఓడ వెనుకనున్న ప్రొపెల్లరునకు జేరును. అది నీటిని వెనుకకు నెట్టగా నోడ ముందునకు సాగును. పని ముగించిన యావిరి వ్యర్థముగా విడిచిపెట్టబడదు. సముద్రపు నీటి చల్లదనముచే మరల నీరుగా మార్చబడి బాయిలరునకే తిరిగివచ్చును. అంతటి సముద్రముమీద నుండియు సముద్రపు నీటిని బాయిలరులో పోయరాదు. పోసినచో నుప్పు గొట్టములకు పెచ్చులుగా గట్టి, అవి కాలి చెడును. కావున ఆవిరి యోడకు నూనె యెంత ముఖ్యమో మంచినీరును అంత ముఖ్యమే. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. మీదట దీనితో పనిబడును.

టర్బైనును ఓడలకు దెచ్చినవాడు ఇంగ్లండు దేశపు చార్లెస్ పార్సన్స్. ఆయన 1897లో తన ‘టర్బీనియా’ యను చిన్న యోడను విక్టోరియా రాణిగారి జూబిలీ నౌకాప్రదర్శనమున అందఱి కన్నులయెదుట మెఱుపువలె నడిపించెను. తొమ్మిది సంవత్సరములకు, అనగా 1906లో, ‘డ్రెడ్‌నాట్’ అను మహానౌక టర్బైనులతోనే సముద్రముమీదికి వచ్చెను. అయితే ఆ దినముల యమరికలో నొక చిక్కు గలదు. టర్బైను వడిగా దిరిగినప్పుడే తన బలమును చక్కగా నిచ్చును. ప్రొపెల్లరు మెల్లగా దిరిగినప్పుడే నీటిని చక్కగా నెట్టును. ఈ రెండింటిని ఒకే యిరుసునకు బిగించుట, ఒకే కాడికి గుఱ్ఱమును ఎద్దును గట్టుటవంటిది; గుఱ్ఱమునకు సుఖము లేదు, ఎద్దునకును లేదు. రెండును నష్టపడగా నా నష్టమును నూనె రూపమున ఓడ చెల్లించుచుండెను. తరువాత పండ్లచక్రములు వచ్చి యీ తగవు దీర్చినవి. సైకిలులో పెద్ద పండ్లచక్రము మెల్లగా దిరుగగా వెనుకనున్న చిన్నది వడిగా దిరుగుట బాలురందఱు నెఱుగుదురు. ఓడలో దీనికి విపరీతము: టర్బైను చేత చిన్న చక్రము వడిగా దిరుగును, దానితో పెనగొన్న పెద్ద చక్రము ప్రొపెల్లరును మెల్లగా ద్రిప్పును.

పాత యోడలను బాగుచేయవలసిన యవసర మెట్లు గలిగెను? మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట, నౌకల పోటీ రాజ్యముల బొక్కసములను పీల్చివేయుచుండుట చూచి, బ్రిటను, అమెరికా, జపాను, ఫ్రాన్సు, ఇటలీ దేశములు 1922లో వాషింగ్టను నగరమున నొక సంధి చేసికొన్నవి. దానివలన పెద్ద యుద్ధనౌకలను క్రొత్తగా గట్టుట పది సంవత్సరములు చాలవఱకు నిలిచిపోయెను. 1930 లండను సంధివలన ఆ నిలుపుదల 1936 వఱకు సాగెను. క్రొత్తయిల్లు కట్టరాదని కట్టుబడియున్న గృహస్థుడు పాతయింటి దూలములను మార్చుకొనునట్లు, ఆ రాజ్యములు తమ పాత యోడలను విప్పి బాగుచేసికొనుటకు మొదలుపెట్టెను.

వీనిలో ‘వార్‌స్పైట్’ అను బ్రిటిషు యోడ కథ మాకు మిక్కిలి యిష్టమైనది. ఇది 1913లో డెవన్‌పోర్టు రేవున నీటిలోనికి విడువబడి, 1915లో సేవకు వచ్చెను. దానియందు 24 బాయిలర్లుండెను. టర్బైనులు తిన్నగా ప్రొపెల్లరు ఇరుసులకే బిగింపబడి యుండెను. 1934 మొదలు 1937 వఱకు మూడు సంవత్సరములు పోర్ట్స్‌మత్ నౌకాశాలలో దానిని విప్పివేసిరి. 24 బాయిలర్లకు మాఱుగా 6 క్రొత్త బాయిలర్లను బెట్టిరి. తిన్నని టర్బైనులకు మాఱుగా పండ్లచక్రముల టర్బైనుల నమర్చిరి. యంత్రముల శక్తి 75,000 అశ్వశక్తులనుండి 80,000 అశ్వశక్తులకు బెరిగెను.

ఈ పెరుగుదల గొప్పది కాదని పాఠకులు తలపవచ్చును. లాభము శక్తిలో గాదు, పొదుపులో నున్నది. ఇంచుమించు 24 నాట్ల వేగమున బోవునప్పుడు పూర్వము గంటకు 41 టన్నుల నూనె త్రాగుచుండిన యోడ, క్రొత్త యంత్రములతో 27 టన్నులతోనే యా పని చేయజొచ్చెను. (గంటకొక సముద్రపు మైలు నడచుట యొక నాట్ వేగము.) గంటకు 14 టన్నుల చొప్పున దినమునకు 336 టన్నులు మిగులును. మూడవవంతు వ్యయము తగ్గెను. యంత్రముల బరువులోనే సుమారు 1,500 టన్నులు తగ్గినందున, ఆ బరువును కవచమునకును ఆయుధములకును వినియోగించిరి. పూర్వము 20 డిగ్రీలవఱకే పైకెత్తదగిన పెద్ద ఫిరంగులను 30 డిగ్రీలవఱకు ఎత్తునట్లు మార్చిరి. బాయిలరు గదిలో మిగిల్చిన బరువు కవచపు గోడయందు ఫలించెను. ఒక యింటిలో వంటచెఱకు పొదుపుచేసిన తల్లి ఆ సొమ్ముతో బిడ్డలకు పుస్తకములు గొనుట యిట్టిదే.

ఇంతచేసినను ఒక పాత రోగము మాత్రము మిగిలిపోయెను. 1916 మే 31వ తేదీన జట్లాండు యుద్ధములో ఈ యోడ చుక్కాని బిగిసికొనిపోయి, శత్రువుల యెదుటనే యది గుండ్రముగా దిరుగవలసి వచ్చెను. గుండె క్రొత్తదైన పిమ్మటను 1937 పరీక్షలలో నా చుక్కాని తొందర మరల గనబడెను. ఓడ ప్రయాణము ఆలస్యమయ్యెను. బలము నిచ్చు యవయవము వేఱు, దారి చూపు యవయవము వేఱు. ఒకటి బాగుపడినంతమాత్రమున రెండవది తనంతట బాగుపడదు.

ఇక 1940 జూలై 9వ తేదీన ఇటలీకి సమీపమున, కలాబ్రియా తీరమునకు దూరముగా జరిగిన పోరాటమును చూడుడు. అడ్మిరలు కన్నింగ్‌హామ్ క్రింద మూడు పెద్ద బ్రిటిషు యోడలుండెను: వార్‌స్పైట్, మలయా, రాయల్ సావరిన్. వార్‌స్పైట్ ముందు బోయి, వెనుకబడిన మలయా కొఱకు ఒక చుట్టు తిరిగి వేచియుండవలసి వచ్చెను. మలయా ఫిరంగులు 20 డిగ్రీలకు మించి యెత్తబడనివి గనుక దాని గుండ్లు శత్రువునకు జేరక ముందే నీటిలో బడెను. రాయల్ సావరిన్ పాత యంత్రములతో నింకను వెనుకనే యుండెను. వార్‌స్పైట్ సుమారు 26,000 గజముల దూరమునుండి ఇటలీవారి ‘జూలియో చేజారే’ యను నౌకను గొట్టెను.

ఆ దెబ్బతిన్న యోడయు పాతదానిని బాగుచేసినదే యగుట విచిత్రము. 1911లో నీటిలోనికి విడువబడిన జూలియో చేజారేను 1933 మొదలు 1937 వఱకు విప్పి, 8 క్రొత్త బాయిలర్లతో, నాలుగిరుసులకు మాఱుగా రెండిరుసులతో మరల గట్టిరి. పూర్వము 21 నాట్లకు కొంచెము మించిన వేగముగల యోడ పరీక్షలలో 28 నాట్లు పరుగిడెను. అట్టి యోడకు ఆ గుండు తగిలినప్పుడు బాయిలర్లు పగులలేదు. మంటల పొగ గాలిగొట్టముల ద్వారా బాయిలరు గదులలోనికి లాగబడెను. అచటి మనుష్యులకు ఊపిరి యాడలేదు. అందువలన నాలుగు బాయిలర్లను ఆర్పివేసిరి. వేగము 18 నాట్లకు దిగజాఱెను. ఉక్కు నిలిచెను, ఊపిరి నిలువలేదు. ఎంత గొప్ప యంత్రమైనను దానిని కాచు మనుష్యుని ఊపిరిమీదనే యాధారపడి యున్నదని యీ వృత్తాంతము మాకు బోధించినది.

ఈ యోడల కథ మన సముద్రమునకును రాకపోలేదు. 1942 ఏప్రిలు 5వ తేదీ, ఈస్టరు ఆదివారమున, జపానువారి విమానములు కొలంబోపై బడినవి. మరునాడు వేఱొక జపాను దళమునకు జెందిన ‘రియూజో’ యను విమాననౌకనుండి లేచినవి విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసినవి. మా అమ్మమ్మగా రప్పుడు కాకినాడలో పండ్రెండేండ్ల బాలిక. పండుగకు కట్టిన క్రొత్త పావడతోనే ఎడ్లబండి యెక్కి తలిదండ్రులతో పల్లెకు బోయినట్లు ఆమె చెప్పుచుండెడిది. ఆ వారములో హిందూమహాసముద్రమున బ్రిటిషు దళమునకు ముఖ్యనౌక వార్‌స్పైటే. అయితే అడ్మిరలు సోమర్‌విల్ తన దళమును రెండుగా చీల్చుకొనవలసి వచ్చెను. వార్‌స్పైట్‌ను విమాననౌకలను ఒక భాగముగా నుంచిరి. 1916, 1917 సంవత్సరములలో పూర్తియై, యంత్రములు మార్పబడని నాలుగు పెద్ద యోడలు వెనుకభాగమయ్యెను. వానిలో రాయల్ సావరిన్ ఒకటి. ఆ నాలుగు వేగములేనివగుటయే గాక, వానికి మంచినీరును తఱుగుచుండెను. పైని మేము జ్ఞాపకముంచుకొనుమని చెప్పిన మాట యిచట అక్కఱకు వచ్చినది. ఎదుట జపానువారి నగుమో దళములో నుండిన ‘కొంగో’ యను నౌక 1913లో ఇంగ్లండులోనే 36 బాయిలర్లతో కట్టబడినది. 1937 నాటికి వానిస్థానమున 8 బాయిలర్లే నిలిచి, శక్తి 64,000 నుండి 136,000 అశ్వశక్తులకు బెరిగి, 30 నాట్ల నడక గలిగెను. రెండు దళములకు ముఖాముఖి పోరు కలుగలేదు. బాగుచేయబడినదానికిని చేయబడనిదానికిని గల భేదము మాత్రము మన తీరమునకు దూరముగా, మన పెద్దల కాలములోనే, ఒక్క వారములో ప్రపంచమునకు తేటపడెను.

ఇట్టి పని కేవలము పూర్వకథ కాదు. మన దేశము రష్యానుండి గొన్న ‘విక్రమాదిత్య’ 1987లో ‘బాకు’ అను పేరున సేవకు వచ్చిన పాత యోడయే. 2004లో ఒడంబడిక జరిగిన పిమ్మట దానిలోని పాత బాయిలర్లను తీసి, డీజిలు నూనెతో మండు 8 క్రొత్త బాయిలర్లను బెట్టిరి. 2012లో సముద్రపరీక్ష జరుగగా, బాయిలర్ల లోపలి వేడిని కాయు ఇటుకలు తాళలేక చెడినవి. మరల సరిచేసి, 2013 నవంబరు 16వ తేదీన మన నౌకాదళమునకు అప్పగించిరి. వేలకొలది టన్నుల యోడను ఇటుకల వరుస యొకటి సంవత్సరకాల మాపివేసెను. గొప్ప కార్యములలో చిన్న వస్తువులను చిన్నచూపు చూడరాదు.

ఇంతవఱకు వ్రాసినది పుస్తకజ్ఞానము. ఇక మా కండ్లయెదుట జరుగుచున్న సంగతి యొకటి చెప్పెదము. మా విద్యార్థులలో నొకని తండ్రి ఒక చక్కెర కర్మాగారమున బాయిలరు దగ్గర పనివాడు. ఆయన చదివినది అయిదవ తరగతి. ఇరువదిరెండు సంవత్సరములు పాత బాయిలరు నొకదానిని కాచెను; మంట రంగు చూచియు, ఆవిరి చప్పుడు వినియు దాని మేలుకీడులు చెప్పగలడు. గడచిన సంవత్సరము ఆ కర్మాగారమువారు పాత బాయిలర్లను దీసివేసి క్రొత్తదానిని దెచ్చిరి. పరీక్షలో నెగ్గి యోగ్యతాపత్రము పొందినవారినే దానికడ నుంచెదమని చెప్పిరి. ఆయన మాయొద్దకు వచ్చి, కొడుకును చదువు మాన్పించి దుకాణములో బెట్టెదనని సెలవడిగెను. ఆ బాలుడు పదవ తరగతి. లెక్కలలో మొదటివాడు.

మేము ఆయనను సాయంకాలములందు పాఠశాలకు రమ్మంటిమి. కొడుకు పుస్తకము చదువును; తండ్రి వినును. కొడుకునకు పుస్తకములో తెలియని చోటును తండ్రి అనుభవముతో విప్పిచెప్పును. తండ్రికి తెలియని లెక్కను కొడుకు నల్లబల్లపై వేసి చూపును. ఒకనాడు మేము వార్‌స్పైట్ కథ చెప్పి, 24 బాయిలర్లు తీసి 6 బెట్టిరని పొగడుచుండగా, ఆయన మెల్లగా నడిగెను: “మరి ఆ ఇరవైనాలుగింటి కాడ పనిచేసినోళ్లు ఏమయ్యారండీ, మాస్టరుగారూ?”

ఆ ప్రశ్న మమ్ము నిలువబెట్టినది. ఓడల చరిత్ర వ్రాయువారు టన్నులను, గజములను, నాట్లను చక్కగా లెక్కవేయుదురు. కొలిమియెదుట చెమటోడ్చినవారిని లెక్కవేయువా రరుదు. యంత్రము క్రొత్తదగునప్పుడు దానిని కాచు మనుష్యునికి క్రొత్త విద్య నేర్పక, అతనిని పాత గొట్టములతోబాటు కుప్పలో బారవేయుట పొదుపు కాదు. అది వేఱొకరి బీదతనముతో లెక్క సరిపెట్టుటయే. ఓడను మూడు సంవత్సరములు విప్పి కట్టుటకు రాజ్యములకు ఓర్పు గలదు గదా! నలువది దాటిన మనుష్యునకు ఆఱుమాసముల చదువు చెప్పుటకు మనకు ఓర్పు ఉండవలదా? ఆయన యీ జనవరిలో పరీక్ష వ్రాసెను. ఈ వ్యాసము అచ్చునకు బోవునాటికి ఫలితము తెలియలేదు. బాలుడు మాత్రము బడి మానలేదు.

క్రొత్త ద్రాక్షారసమును పాత తిత్తులలో పోయరాదని ప్రభువు సెలవిచ్చిన యుపమానము మన మందఱ మెఱుగుదుము. మఱి పాత యోడలో క్రొత్త యంత్రమును బెట్టుట దానికి విరుద్ధము గాదా యని తరగతిలో నొక బాలిక యడిగినది. విరుద్ధము గాదని మా తలపు. తిత్తి సంగతి తెలియక పోయువాని తెలివితక్కువను ఉపమానము చూపుచున్నది. తెలిసిన పనివాడు ముందు పాత దేహమును పరీక్షించి, చెడినదానిని కోసి, బలహీనమైన చోట బలపఱచి, పిమ్మటనే క్రొత్తదానిని బెట్టును. పరీక్ష చాలనిచోట ఇటుకలు రాలుటయు, చుక్కాని బిగియుటయు మనము చూచియే యున్నాము.

చుక్కాని మాట వచ్చినది గనుక మేము మొదట దాటవేయమనిన ప్రశ్నకు వత్తము. పెద్ద యోడలను మిక్కిలి చిన్నదగు చుక్కాని త్రిప్పునని యాకోబుగారు తమ పత్రికలో చెప్పిరి. 80,000 అశ్వశక్తులుగల యంత్రము మంచికి బోదునా చెడుకు బోదునా యని యడుగదు. అదే యావిరి ఆకలిగొన్నవారికి ధాన్యము దెచ్చు యోడను నడపును. అదే యావిరి ఊపిరాడని గదులలో మనుష్యులు చచ్చునట్లు చేయు పోరునకును నడపును. జూలియో చేజారే 1949లో రష్యావారికి అప్పగింపబడి, ‘నొవోరొసియ్‌స్క్’ అను పేరుతో నుండి, 1955 అక్టోబరు 29వ తేదీన సెవస్తొపోలు రేవులో ప్రేలుడుచే మునిగిపోయెను. 600 మందికి పైగా నావికులు మరణించిరి. వార్‌స్పైట్ 1947లో విప్పివేయు చోటికి లాగబడుచు, తుపానులో కార్న్‌వాల్ తీరపు రాళ్లపై జిక్కుకొని, తుదకు ఆ తీరముననే ముక్కలు చేయబడెను. క్రొత్త గుండె ఆయువును పెంచినది గాని నిత్యము చేయలేదు.

విద్యార్థులారా, మీలో కొందఱు యంత్రముల పనికి బోదురు; కొందఱు ఓడలే యెక్కుదురు. శక్తిని ఆర్జింపుడు, శక్తికంటె పొదుపు గొప్పదని నేర్వుడు, అన్నిటికంటె ముందు మీ చుక్కానిని సరిచూచుకొనుడు. తలిదండ్రులారా, వయసు మీఱినదని చదువును విడువకుడు. మీ పిల్లలను గూడ దానికై విడిపింపకుడు. మా పాఠశాల తలుపులు సాయంకాలము ఏడుగంటలవఱకు తెఱచియే యుండును. రాతి గుండెను దీసి మాంసపు గుండె నిచ్చెదనని ప్రవక్త ద్వారా మాట యిచ్చిన దేవుడు మన కందఱకును అట్టి గుండెను, దానితోబాటు తిన్నని దారిని గూడ అనుగ్రహించుగాక.